గని మూతపడినా తీరని అప్పు



అల్లాహ్‌ను స్తుతించి, ఆయన అంతిమ ప్రవక్త (స)పై దరూద్ పఠించిన పిమ్మట, నేడు ఒక అల్పప్రాణిని గురించి మాట్లాడదలచాను. చీమ, తేనెటీగ, సాలెపురుగు పేర్లతో సూరాలు గల గ్రంథాన్ని విశ్వసించేవారికి ఇది వింతగా తోచనక్కరలేదు.

సముద్రపుటొడ్డున కుళ్లిన నాచు కుప్పను కదిపితే, గెంతుతూ చెదరిపోయే చిన్న పురుగులు కనిపిస్తాయి. అవి రొయ్యలకు దూరపు బంధువులు. పొడవు సుమారు రెండు సెంటీమీటర్లకు మించదు. నాచు వాటి మేత. తీరపు పక్షులకు అవి మేత. వాటి రక్తం ప్రాణవాయువును మోయడానికి రాగి కావాలి. ఆ మేరకు రాగి వాటికి సృష్టికర్త ప్రసాదించిన పాలే. కాని నీటిలో, మేతలో రాగి, జింకు అధికమైతే, ఆ మిగులు వాటి జీర్ణావయవాల కణాలలో రేణువులుగా పేరుకుంటుంది. కాడ్మియం వాటికి ఎందుకూ అవసరం లేదు. అయినా అదీ చేరుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు ఈ పురుగులను ఎండబెట్టి, ఆమ్లంలో కరిగించి, లోహాన్ని కొలుస్తారు. నీటిని పరీక్షిస్తే ఆ పూట సంగతి మాత్రమే తెలుస్తుంది. పురుగు దేహమైతే ప్రాణిలోనికి చేరినదానికే సాక్ష్యం.

ఇంగ్లండు నైరుతి కొనన, కార్న్‌వాల్‌లో, రెస్ట్రాంగెట్ అనే సముద్రపు పాయ ఉంది. ఎగువన ఉన్న రాగి, తగరపు గనుల నీరు కార్నన్ నది వెంట తరతరాలుగా అందులోకి దిగింది. అక్కడి రాగి తవ్వకం 19వ శతాబ్దిలోనే క్షీణించింది. అయినా 1980లలో పరీక్షించినపుడు, ఆ పాయ ఒడ్డు పురుగులలో రాగి, జింకు నిర్మల తీరాల పురుగులలో కంటే హెచ్చుగా ఉన్నాయి. ఆ పిమ్మట 1991లో వీల్ జేన్ అనే తగరపు గనిని మూసివేశారు. పంపులు ఆగిపోవడంతో గనిలో నీరు నిండింది. 1992 జనవరిలో అది తెంచుకొని, సుమారు 5 కోట్ల లీటర్ల విషజలం నదిలో పడింది. పాయ నారింజ రంగుకు తిరిగింది. ఆ గని నీటిని శుద్ధి చేసే పని నేటికీ సాగుతున్నది, అదీ ప్రజాధనంతో!

మృతుని ఆస్తిని వారసులకు పంచేముందు అతని అప్పు తీర్చాలన్నది మన షరీఅత్‌లో పిల్లలకు సైతం తెలిసిన నియమం. ఆ గనుల లాభాలు ఏనాడో పంపకమయ్యాయి. అప్పు మాత్రం పురుగు కడుపులో మిగిలింది.

దూరదేశపు యజమానులను తప్పుపట్టడం సులభమే. లోహపు పూత షెడ్లు నడిపేవారు, పాత బ్యాటరీలు కరిగించేవారు మనలోనూ ఉన్నారు. సోదరులారా, ఈ ఏడు జకాత్ లెక్క చూసుకునే నాడు, మీ తొట్లలోని నీరు ఏ కాలువలో కలుస్తున్నదో కూడా విచారించండి. దానిని శుద్ధి చేయించే ఖర్చును లాభం పంచుకోకముందే పక్కన పెట్టండి. షెడ్డు అమ్మదలచినవారు ఆ నేలలో ఏమి ఇంకి ఉన్నదో కొనేవారికి దాచకుండా చెప్పండి.