పాఠశాల పాలనము – గ్రామము బాధ్యత

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)



గ్రంథాలయమువారి ఉత్సవమున పాఠశాలను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. చదువు నేర్పునది పాఠశాల. నేర్చిన చదువు మరపునబడకుండ కాపాడునది గ్రంథాలయము. ఒకటి నారుమడి, రెండవది ఊడ్చిన చేను. భారత రాజ్యాంగముయొక్క పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 పేర్కొనబడినవి. అందు 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య, 20వది గ్రంథాలయములు. కావున ఒకదాని ఉత్సవమున రెండవదానిని తలచుట అసందర్భము కాదు.

మహాభారత సభాపర్వమున నారద మహర్షి ధర్మరాజు సభకు వచ్చి, కుశలప్రశ్నల రూపమున రాజ్యపాలన నంతయు పరీక్షించెను. చెరువులు నిండియున్నవా, కర్షకులకు విత్తనములు అందుచున్నవా యని అడిగిన ఆ మహర్షి, గణకులును లేఖకులును దినదినము పూర్వాహ్ణమున ఆదాయవ్యయములు సరిచూచుచున్నారా యనియు అడుగ మరువలేదు. ధర్మమే మూర్తీభవించిన రాజునకు సైతము ఆ ప్రశ్న తప్పలేదు. అట్టి ప్రశ్నను గ్రామములోని బడి విషయమై అడుగవలసిన వారెవరు? నారదుడు నిత్యము రాడు. ఆ పిల్లల తల్లిదండ్రులే అడుగవలెను. ఈ ప్రసంగసారమంతయు ఇంతే.

పూర్వము కోనసీమ గ్రామములలో వీధిబడులుండెడివి. పంతులుగారి పోషణభారము ఊరిదే. దసరా పండుగలకు పిల్లలు విల్లంబులు పట్టుకొని ఇల్లిల్లు తిరిగి పద్యములు పాడగా, గృహస్థులు పంతులుగారికి యథాశక్తి కానుకలును, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివారు. ఆనాడు బోర్డు లేదు, తనిఖీ లేదు. అయినను, ఏ బాలుడు ఎంతవరకు చదివెనో ఊరివారి గుమ్మముల యెదుటనే తేలిపోయెడిది. ఆ పద్ధతిలో గుణమున్నట్లే గొప్ప లోపమును ఉండెను. అనేక కులముల బిడ్డలకును, ఆడుపిల్లలకును ఆ బడి గడప దాటు అవకాశము లేకుండెను. ఊరు పోషించిన బడియే గాని ఊరందరి బడి కాదు.

సఖినేటిపల్లి రేవున నిలిచి చూచిన, వసిష్ఠ కావలియొడ్డున నరసాపురము కనబడును. ఆంధ్రదేశ విద్యాచరిత్రలో ఒక ముఖ్యఘట్టము 1850ల దశకమున అచ్చట నడచినది. అప్పటికి ఈ ప్రాంతమంతయు రాజమహేంద్రవరము జిల్లాలోనిది. అచ్చటి సబ్‌కలెక్టరు టెయిలరు దొర ప్రోత్సాహమున నరసాపురము, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో పాఠశాలలు వెలసినవి. వానిని చూచిన చుట్టుపట్ల రైతులు, తమ గ్రామములకును బడులు కావలెననియు, ఖర్చు నిమిత్తము శిస్తుతోపాటు కొంత సొమ్ము తామే అదనముగా చెల్లింతుమనియు కోరిరి. వీనికే రేటు స్కూళ్లని పేరు వచ్చినది. ఈ పద్ధతికి చట్టబలము కల్పించుటకై 1863లో మద్రాసు ప్రభుత్వము విద్యాచట్టమును చేసినది. శిస్తు తగ్గింపుమని రైతులు అర్జీలు పెట్టుట లోకమున సర్వసాధారణము. బడి కొరకు శిస్తుమీద మరికొంత చెల్లింతుమని అర్జీ పెట్టిన రైతులు గోదావరి డెల్టావారు. ఇది ఈ గడ్డకు తరుగని కీర్తి.

పిమ్మట 1871లో లోకల్ ఫండు చట్టమును, 1884లో లోకల్ బోర్డుల చట్టమును వచ్చినవి. జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడినవి. 1920లో ప్రాథమిక విద్యాచట్టము వచ్చి, ప్రజలనుండి విద్యాపన్ను వసూలు చేయుటకు వీలు కల్పించినది. 1934లో తాలూకా బోర్డులు రద్దయి, వాని అధికారము జిల్లా బోర్డులకు పోయినది. 1959 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు అమలులోనికి వచ్చినవి. ప్రాథమిక పాఠశాలలు సమితులకును, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకును దక్కినవి. 1980ల నడుమ సమితులు పోయి మండలములు వచ్చినవి. 1994లో నూతన పంచాయతీరాజ్ చట్టము వచ్చినది.

ఒకే భవనమునకు తాతగారి కాలమున బోర్డు స్కూలు, తండ్రిగారి కాలమున సమితి బడి, కుమారుని కాలమున మండల పరిషత్తు పాఠశాల యని పేరు. గోడమీది అక్షరములు మారుచు వచ్చినవి. అధికారము ఒకప్పుడు తాలూకా కేంద్రమున, ఒకప్పుడు కాకినాడలో, మరియొకప్పుడు సమితి కార్యాలయమున నివసించినది. బడి యున్న వీధిలో మాత్రము అది చాలకాలము కాపురముండలేదు. అందువలన గ్రామస్థులకు ఒక అలవాటు పట్టుబడినది: బడి సర్కారువారిది, పిల్లలు మాత్రము తమవారు అనుకొనుట.

ఆ అలవాటును మాన్పించుటకు 1998లో రాష్ట్ర శాసనసభ పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యమును గూర్చి ఒక చట్టము చేసి విద్యాకమిటీలను నెలకొల్పినది. పిదప పార్లమెంటు 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలు జరిగినది. అందలి 21వ విభాగము ననుసరించి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ యుండవలెను. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు; సగము మంది స్త్రీలు; బలహీన వర్గముల తల్లిదండ్రులకు వారి సంఖ్యనుబట్టి స్థానము. బడి నడకను కనిపెట్టి చూచుట, అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట, వచ్చిన నిధుల వినియోగమును పరిశీలించుట ఈ కమిటీ విధులు. నూరేండ్ల క్రిందట తాలూకా బోర్డు సభ్యునికిని ప్రతి బడి లెక్కను ఇంత దగ్గరగా చూచు అవకాశము లేకుండెను. నేడది కూలికి పోవు తల్లికి చట్టమే ఇచ్చినది.

ఈ అధికారమును ఎట్లు వాడుకొనవలెను? కోనసీమకు సంబంధించిన మూడు విషయములు చాలును.

మొదటిది దూరము. కేంద్ర ప్రభుత్వము 2010లో చేసిన నియమావళి, ప్రాథమిక పాఠశాల నివాసమునకు ఒక కిలోమీటరు లోపలను, ఆరు మొదలు ఎనిమిది తరగతులకు మూడు కిలోమీటర్ల లోపలను ఉండవలెనని చెప్పి, వరదలు, దారిలేమి, పిల్లలకు ప్రమాదము గల తావులలో ఆ హద్దును ఇంకను తగ్గింపవలెననియు చెప్పినది. లంకగ్రామముల వారికి ఈ వాక్యము కంఠపాఠము కావలెను. కొలబద్దతో కొలిచిన దూరము వేరు, శ్రావణ భాద్రపదములలో గోదావరి పొంగినప్పటి దూరము వేరు. 2022లో రాష్ట్ర ప్రభుత్వము 117వ నంబరు ఉత్తరువు ద్వారా అనేక చోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను దాపున నున్న ఉన్నత పాఠశాలలకు మార్చినది. 2025లో ఆ విధానము మరల మార్చబడినది. ఇట్టి మార్పులు వచ్చినప్పుడు వీధిలో తగవులాడుటకన్న, ఏ పాయ ఏ నెలలో దాటరానిదగునో, ఎందరు పిల్లలు దాటవలెనో వ్రాసి, కమిటీ తీర్మానముగా అధికారులకు పంపుట మేలు. నోటిమాట గాలిలో కలియును. తీర్మానము ఫైలులో నిలుచును.

బడి దూరమైన కష్టమెట్టిదో తెలిసినవాడే ఈ సీమనుండి లోకసభాపతి పీఠము నెక్కెను. కీర్తిశేషులు జి.యం.సి. బాలయోగి గారు 1951లో ఎదుర్లంకలో దళిత కుటుంబమున జన్మించిరి. స్వగ్రామమున బడి లేనందున పొరుగూరైన గుత్తెనదీవిలో ప్రాథమిక విద్య నభ్యసించిరి. 1987లో తూర్పుగోదావరి జిల్లా ప్రజాపరిషత్తు అధ్యక్షులైరి. 1998లో లోకసభాపతి యైరి. ఊరిలో బడి లేని బాలుడే ఒకనాడు జిల్లాలోని ఉన్నత పాఠశాలల పాలన చేపట్టెను. ఆయనవలె పొరుగూరికి పోలేక చదువు మానిన పిల్లలెందరో లెక్క వ్రాసినవారు లేరు.

రెండవది లెక్క. 2019 నవంబరులో ఆరంభమైన నాడు–నేడు కార్యక్రమమున మరుగుదొడ్లు, మంచినీరు, మరమ్మతులు మొదలగు పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే జరిగినవి. అనగా సామాన్య గృహస్థులు పెద్దమొత్తముల రసీదులమీద చేవ్రాలు చేసిరి. చేవ్రాలు చేయువాడు చదివి చేయవలెను. చదువురానివాడు చదివించుకొని చేయవలెను. పూర్వము జమాబందీనాడు గ్రామలెక్కలు పదిమంది యెదుట విప్పబడెడివి. ఎవరి భూమిపై ఎంత పన్ను పడినదో అడుగు హక్కు రైతునకుండెడిది. బడికిని ఏటేట అట్టి జమాబందీ యొకటి కావలెను. వచ్చినదెంత, ఖర్చైనదెంత, నిలువ ఎంత యని మూడు పంక్తులు చదివిన చాలును. లెక్క అడుగుట అనుమానించుట కాదు. అడుగబడిన లెక్కయే ప్రధానోపాధ్యాయునికి రక్ష. అడుగబడని లెక్క నిర్దోషిని సైతము నిందపాలు చేయును.

లెక్కతో చేరినదే స్థలము. పూర్వము దాతలు బడికి స్థలము లిచ్చిరి. ఇచ్చినవారు ధర్మాత్ములు, పుచ్చుకొన్నవారు నమ్మకస్థులు, అందుచే కొన్నియెడల కాగితము పుట్టకపోవచ్చును. కొబ్బరిచెట్టు ధరయు, సెంటు నేల ధరయు పెరిగినకొలది దాతల మనుమలకు జ్ఞాపకశక్తి తగ్గుచుండును. కావున ప్రతి కమిటీయు తమ బడిస్థలము ఏ సర్వే నంబరులోనిదో, రికార్డులలో ఎవరి పేర నున్నదో, హద్దు రాళ్లున్నవో లేవో సరిచూచుకొనవలెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రివంటి పెనుగాలి మరల వచ్చినచో, గ్రామమునకు ఆశ్రయము కాదగినది గట్టి బడిభవనమే యని మరువరాదు.

మూడవది పంక్తి. అన్నపంక్తియు, ఆసనపంక్తియు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) కులమత విచక్షణ లేక ఆకలిగొన్నవారికి అన్నము పెట్టి అపరాన్నపూర్ణ యనిపించుకొనిరి. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడి మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఆ పేరు కోనసీమ నుండి వెళ్లినది. కావున ఆ భోజనము ఎక్కడ నాసిగా నున్నను కోనసీమవారు సిగ్గుపడవలెను. కమిటీలోని తల్లులు వంతులవారీగా వచ్చి, పిల్లలతోపాటు కూర్చుండి తినిన చాలును. అంతకు మించిన తనిఖీ లేదు.

2022 ఏప్రిల్ 4వ తేదీన అమలాపురము కేంద్రముగా కోనసీమ జిల్లా యేర్పడినది. కొత్తపేట కొత్త రెవిన్యూ డివిజనైనది. విద్యాశాఖ జిల్లా కార్యాలయమునకు పోవలసిన రాజోలువారికి కాకినాడ ప్రయాణము తప్పినది. కాని జిల్లాకు డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేరు చేర్చు విషయమై అదే సంవత్సరము మే 24న అమలాపురమున ఇండ్లు తగులబడినవి. ఆ పేరు గల మహనీయుడు సతారా బడిలో బాలుడై యున్నప్పుడు, ఇంటినుండి తెచ్చుకొన్న గోనెపట్టమీద విడిగా కూర్చుండి చదివెను. పేరు జిల్లాకు నిలిచినది. అయితే పేరు బోర్డుమీద నిలుచుట ఒక యెత్తు, బడిలో బిడ్డలందరు ఒకే పంక్తిలో కూర్చుండుట వేరొక యెత్తు. యాజమాన్య కమిటీలో అన్ని పేటల తల్లులు ఒకే చాపమీద కూర్చుండి, ఒకే కాగితము చదివి, ఒకే తీర్మానము క్రింద చేవ్రాళ్లు చేయుదురు. ఊరిలో అందరికిని సమానమైన చోటు అంత తేలికగా దొరకదు. దానిని పోగొట్టుకొనరాదు.

ఇక గ్రంథాలయము చేయదగిన సాయము. విద్యాహక్కు చట్టము తెలుగు ప్రతి యొకటి బల్లమీద నుంచవలెను. కమిటీ సమావేశ దినమును, తీర్మానములను, ఏటి లెక్కను ప్రకటన ఫలకమున అంటింపవలెను. చదువురాని సభ్యులకు సాయంకాలము వానిని చదివి వినిపించు యువకుని యొకనిని ఏర్పాటు చేయవలెను. పాత తీర్మానముల నకళ్లు కట్టలుగట్టి భద్రపరుపవలెను. కమిటీలు మారును, సభ్యులు మారుదురు, జ్ఞాపకము మాత్రము గ్రంథాలయమున నిలువవలెను. గ్రంథాలయ సుంకము ఇంటిపన్నుతో గూడ ప్రజలు చెల్లించుచునే యున్నారు. ఆ పైకము ఈ పనికి వినియోగపడినచో ఒక రూపాయికి రెండు ఫలములు.

బడికై శిస్తు పెంచుకొనిన రైతుల సంతతికి, ఆ బడి లెక్కను గంటసేపు కూర్చుండి వినుట బరువు కాదు. ఇరువదియైదు సంవత్సరములు ఈ దీపమును ఆరకుండ కాపాడిన గ్రంథాలయమువారు ఆ గంటకు తమ చావడిని ఇత్తురుగాక! తల్లిదండ్రులు వత్తురుగాక! ఈ సంస్థ స్వర్ణోత్సవ సంచికలో, ఈ గ్రామపు బడి ఏటేటి లెక్కలు వరుసగా అచ్చగునుగాక!

స్వస్తి.