కాగితం కాదు, పని కావాలి



మన బరంపురంలో మగ్గం గుంటలోకి దిగేముందు పిల్లవాడు ఏళ్ళ తరబడి కండెలు చుట్టేవాడు, తెగిన పోగులు అతికేవాడు. పని అలా చేతికొచ్చేది. ఇప్పుడు అదే ఇళ్ళ పిల్లలు ఇంజనీరింగుకి వెళ్తున్నారు. ఊళ్ళో 1996 నుంచి నిస్ట్ ఉంది, 2009 నుంచి పర్లా మహారాజా ప్రభుత్వ కాలేజీ ఉంది.

2018లో ఏఐసీటీఈ ఇచ్చిన నమూనా సిలబస్‌లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అంటే చదువుతుండగానే ఏదైనా సంస్థలో కొన్ని వారాలు నిజంగా పనిచేయాలి, దానికి క్రెడిట్లు వేస్తారు. మరి జరిగేదేమిటి? డబ్బు కట్టి, ఇంట్లో కూర్చునే సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్ళున్నారు. మావాడూ అలాగే తెచ్చాడు. డబ్బిచ్చింది నేనే. ఇంటర్వ్యూలో "అక్కడ ఏం చేశావు?" అంటే వాడికి నోరు పెగల్లేదు. అందులో వాడి తప్పెంతో నాదీ అంతే.

ఛత్రపురంలో ఐఆర్ఈఎల్ కర్మాగారం, గోపాల్‌పూర్‌లో ఓడరేవు మనకి పక్కనే. మూడో ఏడు సెలవులకు ముందే కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసుకి వెళ్ళి, పిల్లల్ని ఎక్కడికి పంపుతారో గట్టిగా అడగండి. డిగ్రీ అయ్యాక కూడా దారి ఉంది: నాట్స్ పోర్టల్లో పేరు రాయించుకుంటే ఏడాది అప్రెంటిస్‌షిప్, నెలనెలా స్టైపెండు.

ఇంకో మాట. జకార్డ్ తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగినవాళ్ళు ఈ సభలోనే ఎంతమంది లేరు! దాన్ని ఎత్తే చిన్న మోటారు అమర్చడం మెకానికల్ పిల్లలకు ప్రాజెక్టుగా ఇమ్మని కాలేజీవాళ్ళని అడుగుదాం. మా మగ్గం మధ్యాహ్నాలు ఖాళీయే. వస్తే నేనే కూర్చుని చూపిస్తాను.