చిన్న కచేరీకి సర్వరు



2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా యేర్పడినపుడు మా వీర్నపల్లి మండల కేంద్రమైనది. క్రొత్త మండలమనగా క్రొత్త కచేరీలు, కచేరీలనగా కాగితములు. పెద్ద లెక్కలు దూరముననున్న సర్కారు యంత్రములకు బోయినను చిత్తులు, జాబితాలు, జాబుల ప్రతులు ఊరి కంప్యూటరులలోనే మిగులును. నాలుగైదు కంప్యూటరులుగల చోట వీనినెల్ల నొక్కయెడ భద్రపఱచి యందఱికి నందించు యంత్రమే సర్వరు. దానిని నెలకొల్పు విధమును గూర్చి నేడు ముచ్చటింతును.

ఒక కచేరీలో (పేరు చెప్పుట మర్యాద గాదు) దరఖాస్తులన్నియు నొక గుమాస్తాగారి యంత్రముననే యుండెడివి. ఒక వేసవి మధ్యాహ్నమున కరెంటు పలుమాఱులు పోయి వచ్చుటతో డిస్కు చెడినది. పింఛనుకై అంతకు ముందే రెండు మాఱులు తిరిగిన యొక వృద్ధురాలు మరల మొదటినుండి వ్రాయించుకొనవలసి వచ్చినది. ఆ దరఖాస్తు వ్రాసినవాడను నేనే. గావున నిది నాకు వట్టి యంత్రముల ముచ్చటగా దోచదు.

సర్వరనగా సేవకుడు. దానికై గొప్ప యంత్రము కొననక్కఱలేదు. మన్నికగల సాధారణ కంప్యూటరొకటి, నెట్‌వర్కు స్విచ్చి, తీగలు చాలును. ఒక్కొక్క తీగ 100 మీటరులకు మించరాదు. మొట్టమొదట కొనవలసినది యు.పి.ఎస్. అది కరెంటు పోయిన పిమ్మట పని సాగించుటకు గాదు, సర్వరు తన పుస్తకములు మూసికొని నెమ్మదిగా నాగుటకు వ్యవధి నిచ్చుటకు.

లోపల నెక్కించుటకు రుసుము లేని డెబియను లినక్సు మేలని నా యభిప్రాయము. దానిపై సాంబా యను ప్రోగ్రామునుంచినచో విండోసు యంత్రములును సర్వరులోని ఫైలులను తమవివలె తెఱచుకొనగలవు. ఆస్ట్రేలియా దేశీయుడగు ఆండ్రూ ట్రిడ్జెల్ దాని నారంభించెను. ఎస్, ఎం, బి అను నక్షరములు వరుసగా వచ్చు మాటకై వెదకి పెట్టిన పేరది. మన సాంబారుతో సంబంధము లేదు.

తరువాతిది విలాసము. రౌటరు యంత్రములకు పంచు సంఖ్యలు మాఱుచుండును. సర్వరునకు మాత్రము 192.168.1.10 వంటి స్థిరసంఖ్య నిచ్చి, అది వేఱొకదానికి పోకుండ రౌటరులో కట్టడి చేయవలెను. పోస్టాఫీసే దినమున కొక యింటికి మాఱినచో జాబులెట్లు చేరును?

అందఱికి నొకే సంకేతపదమిచ్చి గోడకంటించిన కచేరీలను జూచితిని. ఎవరిది వారికుండవలెను. చదువువారు వేఱు, దిద్దువారు వేఱు. ఫైలులన్నియు నొక్కనాడే తరలింపక, ఒక రిజిస్టరుతో మొదలిడి వారము దినములు నడపి చూడుడు.

ఇక ప్రతుల సంగతి. రెండు డిస్కులలో నేకకాలమున వ్రాయించినంత మాత్రమున ప్రతి యున్నదని భ్రమింపరాదు; చేయి జాఱి యొకదానిలో తుడిచినది రెండవదానిలోను తుడుచుకొనిపోవును. మా గురువుల తాటాకు గ్రంథములు దక్కినది పెట్టెలు గట్టివగుటచే గాదు, వేఱొక యూర వేఱొకరు ప్రతి వ్రాసికొనుటచేత. ప్రతిదినము సాయంకాలము వేఱు డిస్కునకు ప్రతి తీయింపుడు. వారమున కొకటి మఱియొక కట్టడములో, వీలైన సిరిసిల్లలో, సంకేతరక్షణతో దాచుడు. నెలకొకమాఱు దానినుండి యొక ఫైలును వెనుకకు దెచ్చి తెఱచి చూడుడు. ఈ కడపటి పని చేయువారు మిక్కిలి యరుదు.

ఆ వృద్ధురాలికి పింఛను వచ్చినది. ఆ కచేరీకి సర్వరును వచ్చినది. మొన్న వెళ్లి, ప్రతి తీసిన డిస్కెక్కడ నున్నదని యడిగితిని. సర్వరు నెత్తిమీదనే యున్నది.