ఊరి బయట ఉన్నోళ్లకు ఇంటి గుట్టేంటి?

(ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కులం సంగతి ఐక్యరాజ్య సమితి దాకా తీసుకుపోవాలని మేము ఎక్కడ మాట్లాడినా రెండు ప్రశ్నలు ఎదురవుతున్నాయి. ఊళ్లో పెద్దమనుషులు అంటారు: "ఇంటి గుట్టు లంకకు చేటు. మన దేశం పరువు బజారున పెడతారా?" మన వాడలో ముసలమ్మ అడుగుతుంది: "అయ్యా మేస్టారూ, పక్కనున్న టేసనోడే మన కేసు రాసుకోడు. సముద్రాల అవతలోడు రాసుకుంటాడా?" మొదటిదానికి జవాబు తేలిక. రెండోదే కష్టం. రెండూ చెప్పుకుందాం.

ఇంటి గుట్టంటున్నారు. ఏ ఇల్లు? మనల్ని ఊళ్లోనే ఉండనియ్యలేదు గదా! బావి దగ్గర, గుడి దగ్గర, హోటల్లో గ్లాసు దగ్గర మనం బయటోళ్లం. దెబ్బలు తిని అరిచినప్పుడు మాత్రం ఇంట్లోవాళ్లం అయిపోయామా?

చరిత్ర చూడండి. దక్షిణాఫ్రికాలో భారతీయుల్ని తెల్ల ప్రభుత్వం హీనంగా చూస్తోందని 1946లో మన దేశమే సమితికి ఫిర్యాదు చేసింది. "ఇది మా సొంత వ్యవహారం, మీకేం సంబంధం?" అన్నాడు తెల్లోడు. మనిషిని మనిషిగా చూడకపోవటం ఏ దేశానికీ సొంత వ్యవహారం కాదని మన దేశం వాదించింది. న్యాయమైన వాదన. 2001లో అదే దక్షిణాఫ్రికాలో, డర్బన్ నగరంలో, జాతి వివక్ష మీద ప్రపంచ మహాసభ జరిగింది. మన దళిత ప్రతినిధులు అక్కడికి పోయారు. కులం మా అంతర్గత వ్యవహారం, దాని మాట ఇక్కడ ఎత్తొద్దు అంది భారత ప్రభుత్వం. ఆనాడు తెల్లోడు ఆడిన మాటే ఈనాడు మన ప్రభుత్వం నోట! చివరి ప్రకటనలో కులం అన్న మాటే లేకుండా పోయింది.

ఇంకో సంగతి. జాతి వివక్ష నిర్మూలనకు 1965లో సమితి ఒక ఒడంబడిక చేసింది. మన ప్రభుత్వం 1968లో దాన్ని ఆమోదించింది. జాతి, రంగుతో పాటు 'పుట్టుక' అన్న మాట కూడా అందులో ఉంది. ఆ మాట చేర్చమని అడిగింది ఎవరనుకున్నారు? భారతదేశమే! దళితుల సమస్య ఈ మాట కిందికే వస్తుందని ఒడంబడిక కమిటీ 1996లో మన ప్రభుత్వానికి చెప్పింది. 2002లో అన్ని దేశాలకూ చెప్పింది. అంటరానితనాన్ని దక్షిణాఫ్రికా వర్ణవివక్షతో పోలుస్తూ 2006 డిసెంబరులో ఢిల్లీలో ప్రధాని మన్మోహన్ సింగ్ మాట్లాడారు. రెండు నెలలు తిరక్కుండానే జెనీవాలో ఆయన ప్రభుత్వ ప్రతినిధులు కులం వేరు, జాతి వేరు అని వాదించారు. ఇంట్లో ఒక మాట, బయట ఒక మాట!

బాబాసాహెబ్ ఏం చేశారు? అమెరికాలో నల్లజాతివారు సమితికి పెట్టుకున్న విన్నపం ప్రతులు పంపమని 1946లో డుబోయ్‌కి ఉత్తరం రాశారు. మన స్థితిగతుల మీద సమితికి ఇవ్వటానికి నివేదిక తయారుచేశారు. కాని ఇవ్వలేదు. రాబోయే రాజ్యాంగానికి, పార్లమెంటుకు ఒక అవకాశం ఇచ్చి చూద్దామని ఆగారు. 1951లో మంత్రి పదవికి రాజీనామా చేస్తూ ఈ సంగతి ఆయనే చెప్పారు. ఆయన ఆగింది నమ్మకంతో. ఆ నమ్మకాన్ని నిలబెట్టారా అని అడగటం దేశద్రోహం ఎట్లా అవుతుంది?

ఇక ముసలమ్మ ప్రశ్న. నిజం చెప్పాలి. జెనీవా కమిటీ ఎవర్నీ జైల్లో పెట్టలేదు. విడి మనిషి నేరుగా ఫిర్యాదు చేసుకోవాలంటే అతని ప్రభుత్వం ముందుగా ఒప్పుకోవాలి. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో మన దేశం చేరలేదు. అమెరికా, రష్యా, చైనా కూడా చేరలేదు. 2002లో మొదలైన ఆ కోర్టు ఏళ్ల తరబడి ఆఫ్రికా వాళ్లనే బోనెక్కించింది. బలిసినోడికి ఒక న్యాయం, బక్కోడికి ఒక న్యాయం. ఇది మనకు కొత్తా?

చుండూరు గుర్తుంది గదా. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. మనోళ్లు పోరాడి కోర్టును ఊళ్లోకే రప్పించారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అందుకని కోర్టులే వద్దన్నామా? అనలేదు. మన గోడు వినేదాకా తలుపు కొడుతూనే ఉన్నాం. పై కోర్టయినా, పరదేశం కమిటీ అయినా మనకు గీటురాయి ఒక్కటే: అధికారం లేనోడి మాట వింటుందా, లేదా? విన్నంతవరకే దానికి విలువ.

మరి దానితో ఒరిగేదేంటి? ఒడంబడిక ప్రకారం సర్కారు నివేదిక రాసి పంపాలి. దానికి ఎదురు నివేదిక మన సంఘాలు పంపొచ్చు. నలుగురిలో సర్కారు జవాబు చెప్పుకోవాలి. ఆ ఎదురు నివేదిక జెనీవాలో పుట్టదు, మన వాడలో పుడుతుంది. అత్యాచారం జరిగిన తేదీ, ఎఫ్.ఐ.ఆర్. కాపీ, ఆసుపత్రి సర్టిఫికెట్, 1989 చట్టం కింద కేసు కట్టారా లేదా, పరిహారం ముట్టిందా లేదా, అన్నీ రాసి పెట్టండి. చదువొచ్చిన పిల్లలు వాడకొక నోటుబుక్కు పెట్టండి. రాయటం రానోళ్లు చెప్పండి, మేము రాస్తాం. కాగితం లేదని మన నోరు నొక్కే రోజులు పోవాలి.

ముందు టేసను తలుపు కొడదాం. తెరవకపోతే ప్రపంచం తలుపు కొడదాం.

జై భీమ్!