రాబోవు రోగి కొరకు

(స్మృతి నగర్‌లో తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను మాటలాడబోవు విషయము ఉత్సవసభకు అంతగా తగినది కాదని కొందరు తలంపవచ్చును. అయినను మన కుటుంబములన్నియు ఒక్కచోట చేరునది ఇట్టి సభలయందే గనుక, ఇచటనే చెప్పుట యుక్తమని భావించితిని. యౌవనములోనున్న బిడ్డకు అరుదైన క్యాన్సరు సోకినప్పుడు మనము ప్రోగుచేయు చందా ఎవరికి చెందవలెను? ఇదియే నేటి ప్రశ్న.

పొట్టకూటికై స్వస్థలము విడిచి వచ్చిన మనకు ఇచట ఇరుగుపొరుగువారే బంధువులు. ఒక ఇంట కష్టము కలిగినచో చందా పుస్తకము ఇల్లిల్లు తిరుగును. ఆ ద్రవ్యము మందులకు, ముంబయి రైలుఖర్చులకు, అచట బసకు పోవును. ఇది మంచి ఆచారము. దీనిని ఎన్నడును తగ్గింపరాదు. కాని దీనితోపాటు చేయవలసిన మరియొక దానము కలదు. అది వ్యాధి గుట్టు విప్పు పరిశోధనకు ఇచ్చునది. దాని ఫలము నేటి రోగికి అందకపోవచ్చును. పదేండ్ల తరువాత, మనము ముఖమైనను చూడని ఒక బిడ్డకు అందును. అందుచేతనే దానియందు మనకు ఉత్సాహము తక్కువ.

ఈ రెండవ దానము విలువను లోకమునకు చాటినవాడు టెర్రీ ఫాక్స్ అను కెనడా యువకుడు. అతడు 1958 లో విన్నిపెగ్ నగరమున జన్మించెను. బాస్కెట్‌బాలు ఆటయందు ఆసక్తి మెండు. 1977 లో కుడి మోకాలి నొప్పితో వైద్యుల కడకు పోగా, అది ఆస్టియోసార్కోమా అను ఎముక క్యాన్సరని తేలెను. పిల్లలు వేగముగ ఎదుగు వయస్సున, తరచుగా మోకాలి చెంత పుట్టు అరుదైన వ్యాధి ఇది. మోకాలికి ఎగువన కాలు తీసివేసిరి. అప్పటికతనికి 18 ఏండ్లు. బ్రతుకుటకు నూటికి 50 పాళ్లు అవకాశమున్నదని వైద్యులు చెప్పిరి. రెండేండ్లకు ముందైనచో అది 15 పాళ్లే. ఆ రెండంకెల నడుమనున్న తేడా పరిశోధన ఫలమని అతడు గ్రహించెను. ఎవరో ముక్కుమొగము ఎరుగనివారు ఇచ్చిన ద్రవ్యము తనకు ఆశగా మారినది; ఆ ఋణము తీర్చవలెనని నిశ్చయించుకొనెను.

1980 ఏప్రిల్ 12 వ తేదీన సెయింట్ జాన్స్ నగరమున అట్లాంటిక్ సముద్రజలములో కృత్రిమ పాదమును తడిపి అతడు పరుగు ప్రారంభించెను. దినమునకు రమారమి 42 కిలోమీటర్లు. 143 దినములలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తెను. ఇది దుర్గ్ నుండి ముంబయికి రెండుమార్లు పోయివచ్చు దూరము కంటె అధికము. మొదట చందాలు స్వల్పముగ వచ్చెను. పోనుపోను దేశమంతయు కదలెను. సెప్టెంబరు 1 న థండర్ బే సమీపమున అతడు ఆగిపోవలసి వచ్చెను. క్యాన్సరు ఊపిరితిత్తులకు ప్రాకినది. దేశములోని ప్రతి మనిషికి ఒక్క డాలరు చొప్పున ప్రోగు కావలెనని అతని కోరిక; 1981 ఫిబ్రవరి నాటికి నిధి 2 కోట్ల 40 లక్షల డాలర్లు చేరి ఆ కోరిక నెరవేరెను. ఆ సంవత్సరమే జూన్ 28 న, 22 ఏండ్ల ప్రాయమున, అతడు కన్నుమూసెను. అతని పేరిట ఏటేట జరుగు పరుగుల వలన నేటివరకు వచ్చినది 80 కోట్ల డాలర్లకు పైమాట.

చందా అతనిని బ్రతికింపలేదు. ఇది దాచదగినది కాదు. కాని నేడు ఇతర భాగములకు ప్రాకకముందే కనుగొన్న ఈ వ్యాధిలో నూటికి 60 మొదలు 70 మంది వరకు బ్రతుకుచున్నారు. పెక్కురకు కాలు తీయకయే శస్త్రచికిత్స సాధ్యమగుచున్నది.

ఈ చికిత్సలో ముఖ్యమైన మందులలో ఒకటి మెథోట్రెక్సేటు. దాని వెనుక మన తెలుగువాడు కలడు. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. ఆ దుఃఖమును దిగమ్రింగి ఆయన పరిశోధనకు పూనుకొనిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు, మామగారును తోడ్పడగా అమెరికా వెళ్లిరి. అచట లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును, ఆపై దానికి ఎదురు పనిచేయు మందులను సిద్ధముచేసెను. వానితో డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగించి, ఆ ఫలితమును 1948 లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు అస్తమించిరి. కాకినాడలో ఒక యువకుని చదువునకై ఇచ్చిన ధనము ఎందరి బిడ్డల ప్రాణములకు అక్కరకు వచ్చునో ఆనాటి దాతలు ఊహించియుందురా?

అరుదైన వ్యాధులకు దాతల అవసరము మరింత ఎక్కువ. ఐరోపా లెక్క ప్రకారము ఏటా లక్షకు 6 కంటె తక్కువగా క్రొత్త రోగులున్న క్యాన్సరు అరుదైనది. రోగులు కొద్దిమంది గనుక మందుల కంపెనీలకు లాభము కానరాదు. ఒక్క ఆసుపత్రిలో చూచిన రోగులతో ఏ నిర్ణయమునకును రాజాలము. పెక్కు ఆసుపత్రుల మచ్చులను, రికార్డులను ఒక్కచోట చేర్చవలెను. ఉక్కు కార్ఖానాలో పనిచేయు మీకు ఇది సుబోధకము. ప్రతి హీటు నుండియు మచ్చు తీసి ప్రయోగశాలకు పంపుదురు. ఆ ఫలితములు కూడబెట్టిననే గదా రాబోవు హీటు మెరుగగునది!

ఉక్కు పరిశ్రమకు చెందినవారే మన దేశమున ఇందుకు దారి చూపిరి. సర్ దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి 1931 లో రక్తక్యాన్సరుతో మరణింపగా, ఆయన 1932 లో ఆమె పేరిట ఆ వ్యాధి పరిశోధనకై నిధి స్థాపించెను. వారు శ్రీమంతులు. మనము జీతగాండ్రము. అయినను టెర్రీ అడిగినది తలకొక్క డాలరే.

కావున నా మనవి ఇది. ఇకమీదట మనము చందా వసూలుచేయునప్పుడు, రోగికి కావలసినది సమకూరిన పిమ్మట, ఒక చిన్న భాగము పరిశోధనకు కేటాయింతము. ఆ మాట దాతలకు ముందే తెలుపవలెను. చెక్కు ప్రభుత్వ గుర్తింపుగల సంస్థ యొక్క పరిశోధన ఖాతాకే పోవలెను. రసీదు నోటీసు బోర్డుపై పెట్టవలెను. రోగి అనుమతి లేక ఫొటో గాని పేరు గాని ప్రకటింపరాదు. తల్లిదండ్రులకు ఇంకొక మాట: ఎదుగు బిడ్డకు ఎముకలో నొప్పి గాని వాపు గాని వారముల తరబడి తగ్గనిచో, ఆటలో దెబ్బయని నూనె మర్దనాలతో కాలము పుచ్చక వైద్యునికి చూపింపుడు. అన్ని నొప్పులు క్యాన్సరు కావు. అయినను ఒక ఎక్స్‌రేతో పోవు సందేహమును ఏల మిగుల్చుకొనవలెను?

మనము తినని ఫలముల కొరకు మన పెద్దలు చెట్లు నాటిరి. ఈ దానమును అట్టిదే.