మానసిక వైద్యశాలలో బిళ్ళల కూలి



కూలి లేని పని ఎంత చేదో, పని లేని పూట ఎంత పొడుగో మీకు నేను చెప్పనక్కఱలేదు. పదియేండ్లు, ఇరువదియేండ్లు పని లేక, పలుకరించు దిక్కు లేక, గోడవైపు చూచుచు కూర్చున్న మనుష్యులను గూర్చి నేడు చెప్పబోవుచున్నాను.

అమెరికా దేశమున ఇల్లినాయి రాష్ట్రములో ఆనా అను చిన్న ఊరు కలదు. అచ్చటి ప్రభుత్వ మానసిక వైద్యశాలలో 1961వ సంవత్సరమున తియొదోరో అయ్లాన్, నేథన్ ఆజ్రిన్ అను ఇరువురు మనశ్శాస్త్రజ్ఞులు ఒక స్త్రీల వార్డులో క్రొత్త పద్ధతి నొకదానిని ప్రారంభించిరి. నలువదిమందికి పైగా రోగులు. పెక్కుమంది ఏండ్ల తరబడి అచ్చటనే ఉన్నవారు.

ఆ కాలమున ఇట్టి శాలలలో జరుగు తీరు ఒకటి గమనింపదగినది. రోగి కేకలు వేసినచో పరిచారికలు పరుగెత్తి వత్తురు. నెమ్మదిగా తన పక్క తాను సరిచేసికొన్నచో ఎవరును చూడరు. అనగా చెడునడతకే పలుకరింపు కూలిగా దొరకుచుండెను. (మన యిండ్లలో మారాముచేయు పిల్లలయెడ మనము చేయునదియు ఇంతే.) ఈ శాస్త్రజ్ఞులు దానిని తలక్రిందు చేసిరి. పళ్ళు తోముకొన్నను, తల దువ్వుకొన్నను, వంటశాలలో గిన్నెలు కడిగినను, భోజనము వడ్డించినను, అప్పటికప్పుడే పరిచారిక ఒక బిళ్ళను చేతిలో పెట్టును. రేపు ఇత్తునన్నచో ప్రయోజనము లేదు. చెదరిన మనస్సునకు నేటి పనిని రేపటి ఫలముతో ముడివేసికొనుట కష్టము.

ఆ బిళ్ళలతో ఏమి కొనవలెను? వీరి సూక్ష్మబుద్ధి ఇందు కనబడును. వారు రోగులు తమంతట తాము ఏమి చేయుచున్నారో ఓపికతో చూచిరి. కొందఱు పరుపుల క్రింద వస్తువులు దాచుకొనుచుండిరి. వారికి తాళముగల అఱను బిళ్ళలకు ఇచ్చిరి. కొందఱు మూలలలో దాగుచుండిరి. వారు కోరునది ఏకాంతమని గ్రహించి మంచమునకు అడ్డుతెఱ నిచ్చిరి. వాకిలి విడువక తచ్చాడువారికి వెలుపల తిరిగివచ్చుటకు సెలవు దొరకెను. వైద్యునితో మాటలాడవలెనని మాటిమాటికి అడుగువారికి కొన్ని నిమిషముల సంభాషణము దొరకెను. మిఠాయియు సిగరెట్లును సరేసరి. పిచ్చిచేష్ట యని అందఱును త్రోసివేసిన దానిలో ఒక మనుష్యుని కోరికను చూచుట, నా మట్టుకు, ఈ కథలో అన్నిటికంటె గొప్ప సంగతి.

1965లో వారు తమ ఫలితములను ప్రకటించిరి. పనికి బిళ్ళ యిచ్చినంత కాలము రోగులు పని చేసిరి. పిదప, పరీక్షార్థము, పని చేసినను చేయకున్నను బిళ్ళలు ఊరకనే పంచిరి. కొలది దినములలో పని దాదాపుగా నిలిచిపోయెను. షరతు మరల పెట్టగానే పని మరల సాగెను. కావున వ్యాధి ఆ శక్తిని చంపలేదు. ఎవరును దానిని పిలువలేదు, అంతే. కాని బిళ్ళ ఆగగానే పనియు ఆగినదన్న మాటను గూడ మఱువరాదు. అలవాటు లోపల వేరూనినదని దీనినిబట్టి చెప్పుటకు వీలులేదు.

ఇక చేదుమాట. ఈ పద్ధతి అమెరికాలో పలుచోట్ల వ్యాపించెను. చూచి నేర్చినవారందఱును సమముగా నేర్వరు. కొన్నిచోట్ల మిఠాయి కాదు, పూటకూడును పడకయు బిళ్ళలకు అమ్మజొచ్చిరి. వైద్యశాల నడుపుటకు కావలసిన చాకిరిని రోగులచేత చేయించుకొనుట అంతకు ముందునుండియే ఉన్నది. దానిని చికిత్స యందురా, వెట్టి యందురా?

అలబామా రాష్ట్రమున మానసిక వైద్యశాలల దుస్థితిపై నడచిన వ్యాజ్యములో ఫ్రాంక్ జాన్సన్ అను న్యాయమూర్తి 1972లో ఈ ప్రశ్నకు సమాధానమిచ్చెను. సరియైన భోజనము, మంచి పడక, బంధువుల రాకపోకలు రోగికి హక్కులని ఆజ్ఞాపించెను. శాల నిర్వహణకు పనికివచ్చు చాకిరిని బలవంతముగా చేయింపరాదు. రోగి తానై చేసినచో కనీసవేతన చట్టము ప్రకారము కూలి యీయవలెను. ఆ హక్కుల పట్టికలో వస్తువులు దాచుకొను అఱయు ఉన్నది, మంచము నడుమ తెఱయు ఉన్నది! ఆనాలో బిళ్ళలకు ఇచ్చినవి ఇవియే కదా.

అంతటితో ఈ పద్ధతి చచ్చినదని అనుకొనరాదు. గోర్డన్ పాల్, రాబర్ట్ లెంట్జ్ అనువారు ఇల్లినాయిలోనే దీర్ఘరోగులు 84 మందిని మూడు భాగములు చేసి, ఒక భాగమునకు బిళ్ళలతోకూడిన శిక్షణము, ఒకదానికి సహవాస చికిత్స, మూడవదానికి పాత పద్ధతి నడపి, 1977లో ఫలితములు వెలువరించిరి. శాల విడిచి వెలుపల నిలువగలిగినవారు మొదటి భాగమున నూటికి 97 మంది, రెండవదానిలో 71 మంది, మూడవదానిలో సగముకంటె తక్కువ. ఐతే వారిలో పెక్కుమంది స్వంత గృహములకు గాక ఆశ్రయగృహములకే వెడలిరి. ఈ సంగతి చెప్పక 97 అను అంకెను మాత్రము చెప్పినచో అది సగము సత్యమే.

మన దేశములో 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కూడ ఇదే బాట పట్టినది. మానసిక వైద్యశాలలోని వ్యక్తిచే బలవంతముగా పని చేయింపరాదు. చేసిన పనికి తగిన ప్రతిఫలము ఈయవలెను. ఏకాంతమునకు, శుచియైన ఆహారమునకు అతనికి హక్కు కలదు. బలవంతముగా తల గొఱిగింపరాదు. మీ ఊరివాడెవడైన అట్టి శాలలో ఉండి, మీరు చూడబోయినచో, పగలెల్ల ఏమి చేయుచున్నాడో, చేసినదానికి ఏమి ముట్టుచున్నదో, పడుకొనునపుడు అడ్డమునకు తెఱ యున్నదో లేదో అడిగి తెలిసికొనుడు.