దువ్వెన దిగని జుట్టు

(కట్టంగూర్‌లో మహిళా సంఘాల సభ్యులు, విద్యార్థినులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని పిలిస్తే ఈమె జుట్టు గురించి మాట్లాడుతుందేమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. కూలి రేట్లు, భూమి, హింస, ఆరోగ్యం - ఇవన్నీ వుండగా జుట్టా? కానీ స్త్రీ శరీరంలో ఇంటివాళ్ళు, బడి, గుడి, బజారు అందరూ కలిసి అధికారం చెలాయించే భాగం ఏదైనా వుంటే అది జుట్టే. పెళ్ళిచూపుల్లో జడ పొడవు చూస్తారు. కొన్ని అగ్రకులాలలో భర్త చనిపోతే తల గొరిగించారు. మొక్కు తీరితే తలనీలాలు ఇమ్మంటారు. పొలంలోనో ఇంట్లోనో కొట్టాలనుకున్న మగవాడు మొదట పట్టుకునేదీ జుట్టునే.

ఈ రోజు నేను ఒక రకం జుట్టు గురించే మాట్లాడతాను. బాగా రింగులు తిరిగి, బిగుసుకుని, దువ్వెన దిగని జుట్టు. నాదీ అలాంటిదే. నా చిన్నప్పుడు బడిలో ఒక టీచరు నన్ను పేరుతో పిలిచేది కాదు, 'పిచ్చుక గూడు' అనేది. తరగతి అంతా నవ్వేది. మన భాషలోనే ఈ జుట్టు మీద తీర్పు వుంది. కొంచెం వంపు తిరిగితే 'నొక్కుల జుట్టు' అని మెచ్చుకుంటాం. ఇంకొంచెం బిగిస్తే 'చింపిరి తల' అంటాం. చింపిరి అంటే జుట్టు ఆకారం మాత్రమే కాదు. నూనె కొనలేని ఇల్లు, మురికి, కింది కులం - ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి వున్నాయి. పొలానికి పోయి మట్టికొట్టుకుని వచ్చిన దళిత పిల్ల జుట్టుకూ, ఏసీ గదిలో కూర్చున్న పిల్ల జుట్టుకూ ఒకే మాట వాడరు.

ఇందులో శాస్త్రం చాలా సులువు. వెంట్రుక మొలిచే కుదురు గుండ్రంగా, నిటారుగా వుంటే జుట్టు నిటారుగా వస్తుంది. కుదురు వంకరగా వుంటే, వెంట్రుక చదునుగా వుంటే అది చుట్టలు చుట్టుకుంటుంది. ఇది పుట్టుకతో వచ్చేది. తల మీద చర్మం సహజంగా కొంత జిడ్డును ఊరిస్తుంది. నిటారు జుట్టు మీద అది చివరి దాకా జారుతుంది. చుట్టలు తిరిగిన జుట్టులో ప్రతి వంపు దగ్గరా ఆగిపోతుంది. అందుకే ఈ జుట్టు కొసలు ఎండిపోతాయి, పొడిగా వున్నప్పుడు దువ్వితే తెగిపోతాయి. అంటే ఇది మొండి జుట్టు కాదు, సున్నితమైన జుట్టు. మనం మాత్రం దాన్ని మొండిదని పేరుపెట్టి, తలమీద కొట్టి, లాగి దువ్వుతాం. పిల్ల ఏడిస్తే పిల్లకూ మొండిదనే పేరు పెడతాం.

ఇలాంటి జుట్టు మనకు కొత్త కాదు, పరాయిదీ కాదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా, సైనికులుగా వచ్చిన వాళ్ళ సంతతి సిద్దీలు మన దక్కనులో శతాబ్దాలుగా వున్నారు. మన పక్కనే, పాత పాలమూరు జిల్లాలోని వనపర్తి సంస్థానాధీశుని కొలువులో ఆఫ్రికన్ సైనికులు వుండేవారు. 19వ శతాబ్దంలో వాళ్ళు నిజాం సైన్యంలోకి మారారు. హైదరాబాదులో మాసబ్ ట్యాంకు దగ్గర ఏ.సి. గార్డ్స్ అనే పేట వుంది కదా, ఆ రెండు అక్షరాలు 'ఆఫ్రికన్ కావల్రీ' అన్న మాటలే. 1948 పోలీసు చర్య తరువాత ఆ దళం రద్దయింది. మనుషులు అక్కడే వుండిపోయారు, ఉర్దూ, తెలుగు మాట్లాడుతూ. తరతరాలుగా ఇక్కడే పుట్టిన మనిషిని జుట్టు చూసి "మీది ఏ దేశం?" అని అడగడమంటే, నువ్వు ఇక్కడి దానివి కావని చెప్పడమే.

జుట్టు చూసి మనిషి స్థానాన్ని నిర్ణయించడం ప్రభుత్వమే చేసిన దేశాలున్నాయి. దక్షిణాఫ్రికాలో 1950లో మనుషులను జాతులుగా నమోదు చేసే చట్టం తెచ్చారు. ఏ జాతో తేలకపోతే జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవారు. జారిపడితే ఒక జాతి, నిలిచిపోతే మరో జాతి. ఓటు, ఇల్లు, చదువు, పెళ్ళి అన్నీ ఆ నమోదును బట్టే. ఆ చట్టం 1991లో రద్దయింది. అయినా 2016లో ప్రిటోరియాలో ఒక బాలికల హైస్కూలులో నల్లజాతి పిల్లలు తమ జుట్టును సహజంగా వుంచుకోనివ్వడం లేదని నిరసనకు దిగాల్సి వచ్చింది. పదమూడేళ్ళ పిల్లలు ముందు నిలబడ్డారు. ఆ స్కూలు జుట్టు నిబంధనలను ప్రభుత్వం నిలిపివేసింది. అమెరికాలో 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం సహజమైన జుట్టు కారణంగా ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపరాదని చట్టం చేసింది. ఆ తరువాత అనేక రాష్ట్రాలు అదే దారి పట్టాయి.

ఇక్కడ మనకూ వాళ్ళకూ ఒక విచిత్రమైన సంబంధం వుంది. తిరుమలలో భక్తులు ఇచ్చిన తలనీలాలను పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తారు. మన వాడలకు వచ్చి చిక్కు వెంట్రుకలకు స్టీలు గిన్నెలు ఇచ్చి పోయేవాళ్ళను మీరందరూ ఎరుగుదురు. ఈ వెంట్రుకలు విగ్గులుగా, సవరాలుగా మారి విదేశాలకు పోతాయి. అక్కడ తన సొంత జుట్టుతో ఉద్యోగానికి పోతే చిన్నచూపు చూస్తారని భయపడే నల్లజాతి స్త్రీ వాటిని ఎక్కువ డబ్బు పెట్టి కొనుక్కుంటుంది. ఇచ్చిన స్త్రీకి ఒక గిన్నె, లేదా పుణ్యం. కొన్న స్త్రీకి అప్పు. లాభం మధ్యవాళ్ళది. ఒకరి జుట్టును అందమనీ మరొకరి జుట్టును వికారమనీ చెప్పకపోతే ఈ వ్యాపారం ఇంతగా నడవదు.

అదే మాట ఇప్పుడు మన హైవే మీద బోర్డులూ చెప్తున్నాయి. నార్కట్‌పల్లి నుంచి నకిరేకల్ దాకా పట్టణాల్లో బ్యూటీ పార్లర్లలో స్ట్రెయిటెనింగ్, స్మూతెనింగ్ దొరుకుతున్నాయి. పెళ్ళి కుదిరిన పిల్లలు వేల రూపాయలు పెట్టి చేయించుకుంటున్నారు. వీటిలో కొన్ని రకాల మందులు వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతాయి. అది కళ్ళకూ గొంతుకూ చెరుపు, కాన్సర్ కారకం కూడా. రోజంతా ఆ గదిలో పనిచేసే అమ్మాయి పీల్చేది మరీ ఎక్కువ. అమెరికాలో 30 వేల మందికి పైగా స్త్రీలను పదేళ్ళకు పైగా గమనించి 2022లో ప్రకటించిన ఒక అధ్యయనంలో ఒక లెక్క తేలింది. జుట్టు సాపు చేసే మందులు ఎన్నడూ వాడని స్త్రీలలో 70 ఏళ్ళు వచ్చేసరికి గర్భాశయ కాన్సర్ రాగల అవకాశం 1.64 శాతమైతే, తరచుగా వాడినవాళ్ళలో 4.05 శాతం. ప్రతి ఒక్కరికీ వస్తుందని కాదు. కానీ ఈ విషయం చెప్పకుండా మందు పూయడం అన్యాయం.

ఇక మన ప్రాంతంలో ప్రాణాల మీదికి వచ్చే విషయం చెప్తాను. మన తల నుంచి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు మామూలుగానే ఊడుతాయి. నిటారు జుట్టులో అవి కింద పడిపోతాయి. రింగుల జుట్టులో అవి పక్క వెంట్రుకలను చుట్టుకుని అక్కడే వుంటాయి. జ్వరంతో మంచాన పడ్డా, బాలింతగా వున్నా, నీళ్ళకు కరువైనా, నెల రోజులు చిక్కు తీయకపోతే అవి అట్టలు కట్టి జడలవుతాయి. ఇది నూలు ఉండలు చిక్కుపడడం లాంటిదే. కానీ ఎల్లమ్మను కొలిచే అనేక ప్రాంతాలలో ఆడపిల్ల తలలో జడలు కనపడితే దేవత పిలిచిందంటారు. కత్తెర పెట్టొద్దు, దువ్వొద్దు అంటారు. పేద దళిత కుటుంబాల పిల్లలను జోగినిగా విడవడానికి అదొక సాకు అయింది. ఆ పిల్లకు పెళ్ళి వుండదు. ఊరి పెద్దల కామానికి మాత్రం అడ్డు వుండదు. పాలమూరు, నిజామాబాదు ప్రాంతాల జోగినుల బతుకులు మనకు తెలియనివి కావు. 1988లోనే ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంకితాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఒక ముచ్చట గమనించండి. ఇక్కడికి దగ్గరలోనే చెర్వుగట్టు మీద జడల రామలింగేశ్వరస్వామికి ఏటా జాతర చేస్తాం. దేవుడికి జడలుంటే మహిమ, పూజ అందుకుంటాడు. ఆడపిల్లకు జడలు కడితే ఆమె శరీరం ఊరి సొత్తు అవుతుంది.

కాబట్టి చిక్కు తీయడం సింగారం మాత్రమే కాదు, రక్షణ కూడా. అది ఎలాగో చెప్తాను. ఖర్చు పెద్దగా లేదు.

మన బోరు నీళ్ళు చాలా వూళ్ళలో గట్టి నీళ్ళు, ఉప్పు నీళ్ళు. ఈ నీళ్ళలో సబ్బు తలకు రాస్తే నురగ రాదు, తెల్లటి జిగట మడ్డి జుట్టును పట్టుకుంటుంది. కుంకుడుకాయతో ఆ మడ్డి కట్టదు. కానీ కుంకుడు రసం చిక్కగా పోస్తే రింగుల జుట్టు మరీ ఎండిపోతుంది. పలుచగా చేసి తల చర్మానికే రుద్దండి, కొసలకు కారిన రసం చాలు. వారానికి ఒకసారి పోసుకుంటే సరిపోతుంది. వీలైతే చివరి చెంబు వాన నీళ్ళో, నల్లా నీళ్ళో పోయండి.

తరువాత జిగురు కావాలి. మందార ఆకు నూరినా, మెంతులు నానబెట్టి రుబ్బినా, అవిసె గింజలు ఉడికించి వడగట్టినా జిగురు వస్తుంది. తడి తలకు అది పట్టించి, జుట్టును నాలుగు పాయలు చేసి, ముందు వేళ్ళతో, తరువాత పెద్ద పళ్ళ దువ్వెనతో చిక్కు తీయాలి. ఎప్పుడూ కొసల నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పై నుంచి కిందికి లాగితే ముడులన్నీ ఒకచోట చేరి బిగుస్తాయి. పేల దువ్వెన కూడా ఇలా జిగురు పట్టిన తడి జుట్టులోనే దిగుతుంది. మొరటు తువ్వాలుతో రుద్దకండి, పాత నూలు చీర ముక్కతో ఒత్తండి. తడి ఆరకముందే రెండు చుక్కల నూనె రాస్తే తేమ నిలుస్తుంది.

జడ అల్లడంలోనూ జాగ్రత్త కావాలి. బడికి రెండు జడలు బిగించి, పైకి మడిచి రిబ్బను కట్టి, ఏళ్ళ తరబడి లాగితే నుదుటి మీద జుట్టు వెనక్కి పోతుంది. వదులుగా అల్లండి. రెండేసి పాయలు మెలివేసి వదిలినా, తలకు అంటుకునేట్టు సన్న జడలు అల్లినా వారం దాకా చిక్కు పడదు, పత్తి చేలో దుమ్ము లోపలికి పోదు. పొట్టిగా కత్తిరించుకుంటానంటే అదీ ఆ పిల్ల ఇష్టమే. 'జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది' అంటారు పెద్దలు. ఏ కొప్పు పెట్టాలో నిర్ణయించేది కూడా ఆమే కావాలని నేనంటాను.

ఇప్పటికే జడలు కట్టిన తల వుంటే భయపడకండి. నూనె బాగా పట్టించి, వేళ్ళతో కొస నుంచి కొంచెం కొంచెంగా రోజుల తరబడి విడదీయవచ్చు. విడకపోతే కత్తిరించండి. ఏ కీడూ జరగదు. మహారాష్ట్రలో మూఢనమ్మకాలపై పనిచేసే కార్యకర్తలు వందల మంది స్త్రీలకు ఇలా జడలు తీసేశారు. మెడనొప్పీ, తలలో పుండ్లూ తగ్గి వాళ్ళు తేలికగా నిద్రపోయారు.

ఇదంతా తల్లి ఒక్కతే చేయాలంటే అది ఆమె మీద మరో బరువు అవుతుంది. కూలికి పోయి వచ్చి, వంట చేసి, నీళ్ళు మోసిన మనిషి ఆదివారం రెండు గంటలు పిల్ల తల ముందు కూర్చోవాలా? తండ్రులు, అన్నలు కూడా ఈ పని నేర్చుకోవచ్చు. ఎద్దు మెడ కింద పేలు ఏరగల చేతికి కూతురి చిక్కు తీయడం చేతకాదనడం కుదరదు.

చివరగా హక్కుల మాట. 2009 విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడమే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. తరగతి ముందు ఒక పిల్లను చింపిరి అనడం, పేలున్నాయని హాస్టల్లో అడగకుండా జుట్టు కత్తిరించడం ఆ వేధింపు కిందికే వస్తాయని నా వాదన. 2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కులపై ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు వ్యక్తిగత రూపాన్ని కూడా భావప్రకటన స్వేచ్ఛలో భాగంగా చూసింది. ఆ మాట మన పిల్లలకూ పనికొస్తుంది.

అందుకని సంఘాన్ని మూడు పనులు చేయమని కోరుతున్నాను. ఒకటి, మన మండలంలోని బడులకూ హాస్టళ్ళకూ వెళ్ళి జుట్టు పేరుతో అవమానించవద్దని, తల్లిదండ్రుల, పిల్లల ఒప్పుదల లేకుండా కత్తెర పెట్టవద్దని రాతపూర్వకంగా అడగండి. రెండు, హాస్టళ్ళలో తలస్నానానికి చాలినన్ని నీళ్ళు, నూనె, పెద్ద పళ్ళ దువ్వెనలు ఇమ్మని పట్టుబట్టండి. మూడు, ఏ పిల్ల తలలోనైనా జడలు కట్టాయని, పూనకమని మాట వినబడితే ఆ రోజే ఆ ఇంటికి నలుగురు కలిసి పొండి. నూనె సీసా, దువ్వెన పట్టుకుని పొండి. 1988 చట్టం సంగతి కూడా చెప్పండి. పోలీసుల దాకా పోవలసి వస్తే ఆ తల్లిని ఒంటరిగా పంపకండి.